పెద్దపేగు క్యాన్సర్, చైనా మూలికలు: మీ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం గురించి ఉన్నాయి. పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్లకు చైనా సంప్రదాయ మూలికలు వాడొచ్చా, వాడితే కీమో మానేయొచ్చా, కీమోతో పాటే వాడితే ఏమవుతుంది అని. అందుకే ఈ విడత మొత్తం దానికే ఇచ్చేశాను. పేర్లు, ఊళ్ళు తీసేశాను. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట వివరంగా రాసినవాళ్ళ ఉత్తరం తీసుకున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్ళు. పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ అన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత మూడు వారాలకోసారి చొప్పున ఎనిమిది సార్లు కీమో ఇవ్వాలన్నారు. మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ ఎక్కిస్తారు, తర్వాత రెండు వారాలు కాపెసిటబీన్ మాత్రలు. రెండు సార్లు అయ్యాయి. ఇప్పుడు నాన్న ఇక చేయించుకోనంటున్నారు. స్నేహితుడొకాయన చైనా మూలికల పొడి పొట్లాలు తెప్పించి ఇచ్చారు, దీంతోనే నయమైపోతుందట. "గడ్డ ఎలాగూ తీసేశారు కదరా, ఇంకా ఒంట్లో ఏముందని ఈ విషం ఎక్కించుకోవాలి" అంటున్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

జవాబు: బాబూ, మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్నే. ఆపరేషన్ అయిన రోజే ఎవరైనా ఆయన పక్కన కూర్చుని దీనికి జవాబు చెప్పి ఉండాల్సింది.

మూడో దశ అంటే క్యాన్సర్ కణాలు పేగు నుంచి పక్కనున్న లింఫ్ గ్రంథుల దాకా వెళ్ళాయని అర్థం. అక్కడిదాకా వెళ్ళినవి ఇంకా ముందుకు కూడా వెళ్ళి ఉండొచ్చు. కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో స్కానింగ్‌కి కూడా కనపడనంత చిన్నగా ఉండిపోయి ఏడాదికో రెండేళ్ళకో పైకి తేలతాయి. సర్జన్ కళ్ళకి కనపడింది తీయగలడు, కనపడని వాటి కోసమే కీమో. ఆపరేషన్ ఒక్కటే చేసి వదిలేసిన రోజుల్లో మూడో దశలో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి జబ్బు తిరగబెట్టేది. 1990లో వెలువడిన ఒక పెద్ద అమెరికా ట్రయల్‌లో ఆపరేషన్ తర్వాత ఫ్లోరోయురాసిల్, దానికి తోడు లెవామిసోల్ ఇచ్చినవాళ్ళలో తిరగబెట్టే ప్రమాదం 41 శాతం తగ్గింది, చనిపోయే ప్రమాదం మూడో వంతు తగ్గింది. 2004లో ఫ్లోరోయురాసిల్‌కి ఆక్సాలిప్లాటిన్ కూడా చేర్చి చూస్తే ఫలితం ఇంకా మెరుగైంది. కాపెసిటబీన్ ఒంట్లోకి వెళ్ళాక ఫ్లోరోయురాసిల్‌గా మారే మాత్రే. మీ నాన్నగారికి ఇస్తున్న మందుల వెనక ఉన్న కథ ఇదీ.

ఇక మూలికలతోనే నయమవుతుందన్న మాట. 2018లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక లెక్క తీశారు. ఇంకా దూరపు అవయవాలకు పాకని దశలో ఉండి కూడా మామూలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కదానికే వెళ్ళిన 281 మందిని, అదే జబ్బుతో అదే దశలో ఉండి మామూలు వైద్యం చేయించుకున్నవాళ్ళతో పోల్చారు. పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్ వాళ్ళలో ఐదేళ్ళకి బతికున్నది ఒకవైపు 33 శాతం, ఇంకోవైపు 79 శాతం. వాళ్ళంతా చైనా మూలికలే వాడారని కాదు, రకరకాలు వాడారు. కానీ మామూలు వైద్యం మానేస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే స్పష్టమైన అంకె ఇంకొకటి కనపడలేదు.

ఇంకో విషయం నాన్నగారికి తప్పకుండా చెప్పండి. చైనాలో పెద్ద ఆసుపత్రుల్లో మూలికల వైద్యులు, క్యాన్సర్ డాక్టర్లు చాలాచోట్ల ఒకే ప్రాంగణంలో పనిచేస్తారు. అక్కడి పేషెంట్‌కి కూడా ఆపరేషన్ చేస్తారు, కీమో ఇస్తారు, దాని పక్కన కషాయం ఇస్తారు. "ఫుజెంగ్" అంటారు, ఒంట్లో ఉన్న సొంత బలాన్ని నిలబెట్టడం అని. ఆస్ట్రాగలస్ వేరు, అట్రాక్టిలోడిస్, జిన్‌సెంగ్, అతిమధురం, ఇలాంటివి ఆ కోవలోవి. అంటే ఆ వైద్యం పుట్టిన దేశంలో కూడా, మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌కి కీమో ఆపేసి ఈ పొట్లాలు తాగమని చెప్పడం పద్ధతి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మనిషి రెండు సార్లు కీమో చేయించుకుని ఆపేస్తానంటున్నాడంటే ఏదో బాధ ఉండి ఉంటుంది. వాంతులా, చేతుల తిమ్మిర్లా, అరచేతులు అరికాళ్ళు ఎర్రబడి పగలడమా, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడమా, డబ్బు ఖర్చవుతోందన్న దిగులా, ముందు అది అడగండి. "నాన్నా, ఇందులో ఏది మీరు తట్టుకోలేకపోతున్నారు" అని అడిగి వినండి, మధ్యలో వాదించకండి. వాటిలో చాలావాటికి దారి ఉంది. మోతాదు తగ్గించొచ్చు, ఒక వారం వెనక్కి జరపొచ్చు, వాంతులకి మందు మార్చొచ్చు. పైగా 12 వేల మందికి పైగా పేషెంట్ల మీద ఆరు ట్రయల్స్ కలిపి చూసి 2018లో ఇచ్చిన ఫలితాన్ని బట్టి, మూడో దశలో కూడా జబ్బు తక్కువగా ఉన్నవాళ్ళకి (ఒకటి నుంచి మూడు గ్రంథుల దాకా మాత్రమే చేరి, గడ్డ పేగు గోడ బయటి పొరను దాటనివాళ్ళకి) మీ నాన్నగారికి ఇస్తున్న ఈ కీమోనే మూడు నెలలు ఇచ్చినా ఆరు నెలలు ఇచ్చినంత పని చేస్తుంది. అంటే ఎనిమిది కాదు, నాలుగే. పనుల్ని ఇబ్బంది పెట్టే స్థాయి తిమ్మిర్లు మూడు నెలలవాళ్ళలో సుమారు 15 శాతం మందికి వస్తే ఆరు నెలలవాళ్ళలో సుమారు 45 శాతం మందికి వచ్చింది. మీ నాన్నగారు ఆ కోవలోకి వస్తారో లేదో ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని పరీక్షించి ఇచ్చిన రిపోర్టు చూసి మీ డాక్టర్ చెప్పగలరు, ఈ ప్రశ్న రేపే వెళ్ళి అడగండి. ఇంకా ఆరు సార్లు ఉంది అనుకునే మనిషికి ఇంకా రెండే అని తెలిస్తే నిర్ణయం మారిపోవచ్చు. నా దగ్గర అలా మారినవాళ్ళు ఉన్నారు.

ఆ పొట్లాలు కూడా పట్టుకెళ్ళండి. దాచకండి. తిడతారేమోనని భయం ఉంటుంది, తిట్టినా ఫర్వాలేదు, చూపించండి. పొట్లం మీద ఏ మొక్కలున్నాయో శాస్త్రీయ నామాలతో సహా రాసి లేకపోతే, అది ఎవరిచ్చినా సరే, కీమోలో ఉన్న మనిషి నోట్లో వేసుకోకూడదు.

ప్రశ్న: మా ఆయనకి ఇరినోటెకాన్ అనే కీమో మందు ఇస్తున్నారు. నాలుగో రోజు నుంచి విరేచనాలు, మనిషి నీరసపడి మంచం దిగలేకపోతున్నారు. 1800 ఏళ్ళ నాటి చైనా కషాయం ఒకటి ఈ విరేచనాలకే పనిచేస్తుందని, అమెరికాలో పరిశోధన కూడా చేశారని చదివాను. అందులో నాలుగే మూలికలట. నేనే తెచ్చి కాచి ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మా, మీరు చదివింది నిజమే. ఆ కషాయం పేరు హువాంగ్ చిన్ తాంగ్. హాన్ రాజవంశం చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన గ్రంథంలో ఉంది, అప్పట్లో కూడా విరేచనాలకీ కడుపునొప్పికీ వాడినదే. స్కుటెల్లేరియా వేరు, పియోనీ వేరు, అతిమధురం, ఎండు రేగుపళ్ళు, ఈ నాలుగూ. యేల్‌లో యుంగ్-చి చెంగ్ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని పి.హెచ్.వై.906 అనే పేరుతో ఏళ్ళ తరబడి పరిశోధించింది.

ఆ విరేచనాలు ఎందుకొస్తాయో తెలిస్తే కషాయం సంగతీ అర్థమవుతుంది. ఇరినోటెకాన్ ఒంట్లోకి వెళ్ళాక ఎస్.ఎన్-38 అనే పదార్థంగా మారుతుంది, క్యాన్సర్ కణాన్ని చంపేది అదే. కాలేయం దానికి ఒక చక్కెర ముక్క తగిలించి కోరలు పీకి పైత్యరసంతో పేగులోకి పంపేస్తుంది. పేగులో ఉండే బాక్టీరియా ఆ చక్కెర కోసం దాన్ని ఊడబెరుకుతాయి. కోరలు మళ్ళీ వచ్చేస్తాయి, అది పేగు లోపలి పొరని కాల్చేస్తుంది. అందుకే మొదటి రోజు బాగానే ఉన్న మనిషికి కొన్ని రోజుల తర్వాత పట్టుకుంటుంది. 2010లో చెంగ్ బృందం ఎలుకల మీద చూపించిందేమిటంటే, ఈ కషాయం ఇచ్చినప్పుడు పేగులో మంట తగ్గింది, పాడైన పొర త్వరగా మళ్ళీ పెరిగింది, అదే సమయంలో గడ్డ మీద కీమో ప్రభావం తగ్గలేదు. నాకు చాలా నచ్చిన పరిశోధన అది. పాత గ్రంథంలోని మందుని తీసుకుని అది ఎక్కడ ఎలా పనిచేస్తోందో ఓపికగా వెతికారు.

ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలనిపిస్తోంది. ఇరినోటెకాన్ మూలం కూడా చైనా చెట్టే. షిషు అనే చెట్టు బెరడు నుంచి 1966లో అమెరికాలో మన్రో వాల్, మన్సుఖ్ వాణీ అనే ఇద్దరు కాంప్టోథెసిన్‌ని వేరు చేశారు. దాన్నే అలాగే ఇస్తే మరీ ఎక్కువ హాని చేస్తోందని మార్పులు చేసి చేసి చివరికి ఇరినోటెకాన్ తయారుచేశారు, అమెరికాలో అది 1996లో అనుమతి పొందింది. ఈ రెండిట్లో ఏదీ ఇంట్లో గిన్నెలో కాచినది కాదు.

మీరు ఇంట్లో ఎందుకు కాచకూడదో చెప్తాను. యేల్ వాళ్ళు పట్టుబట్టి చేసిన పని ఏంటంటే, ఒక్కో బ్యాచ్ ముందు బ్యాచ్‌తో రసాయనికంగా సరిపోతోందా లేదా అని పరీక్షించడం. మొక్క ఏ నేలలో పెరిగింది, ఎప్పుడు కోశారు అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. బజార్లో దొరికే వేరుకి ఆ హామీ లేదు. రెండోది, అతిమధురం. అది ఎక్కువైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. మీ ఆయనకి విరేచనాల్లో ఇప్పటికే పొటాషియం పోతోంది. ఇంకా పడిపోతే గుండె లయ తప్పుతుంది. మూడోది, మూలిక ఏదైనా సరే కీమోని కాలేయం దగ్గర అడ్డుకోవచ్చు. సెయింట్ జాన్స్ వర్ట్ అని యూరప్‌లో దిగులుకి వాడే మూలిక ఉంది, 2002లో చూస్తే అది వాడినవాళ్ళ రక్తంలో ఎస్.ఎన్-38 42 శాతం తగ్గిపోయింది. మనిషికి తెలియకుండానే సగం కీమో చేసినట్టు అయింది.

ఇప్పుడు చేయాల్సింది వేరే ఉంది. విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్రలు డాక్టర్ రాసిచ్చి ఉంటారు, అవి చెప్పిన ప్రకారం మొదటి పల్చటి విరేచనానికే మొదలుపెట్టాలి, చూద్దాంలే అని ఆగకూడదు. ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్ఎస్ నీళ్ళు గుక్కగుక్కగా తాగిస్తూనే ఉండాలి. మంచం దిగలేకపోతున్నారని రాశారు కాబట్టి ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. జ్వరం కూడా ఉంటే ఫోన్ కాదు, నేరుగా తీసుకెళ్ళండి, తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు జ్వరం, విరేచనాలు కలిస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. వచ్చేసారి కీమో మోతాదు తగ్గించాలేమో కూడా అడగండి.

ప్రశ్న: ఆక్సాలిప్లాటిన్ వల్ల వేళ్ళు తిమ్మిర్లు, చల్లటి గ్లాసు పట్టుకుంటే కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటోంది. దీనికి జపాన్‌లో మూలికల మందు ఉందట కదా?

జవాబు: ఉంది. గోషా-జింకి-గాన్ అంటారు. చైనా నుంచి వెళ్ళి జపాన్‌లో స్థిరపడిన కాంపో వైద్యంలోది, పది మూలికలు. దీని కథ నేను కీమో మొదలుపెట్టే ప్రతి కొత్త డాక్టర్‌కీ చెప్తుంటాను. మొదట చేసిన చిన్న ట్రయల్‌లో తిమ్మిర్లు తగ్గుతున్నట్టే కనిపించింది. అందరికీ ఆశ పుట్టింది. దాంతో మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 182 మందితో పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు, సగం మందికి మూలికల మందు, సగం మందికి అచ్చం అలాగే కనపడే ఉత్తుత్తి మందు, ఎవరికి ఏది వెళ్తోందో పేషెంట్‌కీ డాక్టర్‌కీ తెలియదు. మధ్యలో లెక్కలు చూస్తే పనుల్ని ఇబ్బంది పెట్టే స్థాయి తిమ్మిర్లు ఉత్తుత్తి మందు వాళ్ళలో 31 శాతం మందికి, అసలు మందు వాళ్ళలో 51 శాతం మందికి ఉన్నాయి. తగ్గించాల్సింది పెంచుతోంది. ట్రయల్ ఆపేశారు. 2015లో ఆ ఫలితాన్ని దాచకుండా అచ్చేశారు, ఆ జపాన్ డాక్టర్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

కాబట్టి అది వద్దు. చల్లటివి ముట్టుకోకండి, తాగకండి, ఫ్రిజ్ తెరవాల్సి వస్తే చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఆ కరెంటు షాక్ లాంటిది కొద్ది రోజుల్లో పోతుంది. కానీ రెండు కీమోల మధ్య కూడా తిమ్మిరి పూర్తిగా పోవట్లేదు, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉంది అంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఆక్సాలిప్లాటిన్ తగ్గించో ఆపేసో మిగతా మందు కొనసాగిస్తారు. ఓర్చుకోవడం మంచితనం కాదు ఇక్కడ, నరం ఒకసారి బాగా దెబ్బతింటే ఏళ్ళు పడుతుంది కోలుకోవడానికి. నొప్పిగా ఉంటే డులాక్సెటిన్ అనే మాత్రకి ఆధారం ఉంది, అడగండి.

ప్రశ్న: నాకు 52. కొలనోస్కోపీలో (గొట్టం కెమెరాతో పెద్దపేగు చూసే పరీక్ష) రెండు పాలిప్‌లు, అంటే పేగు లోపలి గోడ మీది బుడిపెలు, తీశారు, అడినోమా (ముందు ముందు క్యాన్సర్‌గా మారగల రకం) అన్నారు, క్యాన్సర్ లేదు. బెర్బెరిన్ వాడితే మళ్ళీ రావని ఎవరో చెప్పారు.

జవాబు: చైనా మూలికల్లో పెద్దపేగుకి సంబంధించి నేను గట్టి ఆధారం అని చెప్పగలిగినవి తక్కువ, వాటిలో ఇది ఒకటి. బెర్బెరిన్ హువాంగ్‌లియన్ అనే పచ్చటి చేదు వేరులో ఉండే పదార్థం, చైనాలో దాన్ని విరేచనాలకి ఎన్నో ఏళ్ళుగా మాత్రలుగా వాడుతున్నారు. 2020లో అక్కడి ఏడు ఆసుపత్రుల ట్రయల్ ఫలితం వచ్చింది. పాలిప్‌లు తీసేసిన 1108 మందిని చీటీ వేసినట్టు రెండుగా విడదీసి ఒక సగానికి బెర్బెరిన్ 0.3 గ్రాములు రోజుకి రెండుసార్లు, ఇంకో సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండేళ్ళలోపు అడినోమాలు మళ్ళీ వచ్చినవాళ్ళు బెర్బెరిన్ వైపు 36 శాతం, ఇటువైపు 47 శాతం. పెద్ద దుష్ప్రభావాలు లేవు, కొద్దిమందికి మలబద్ధకం.

బాగుంది కదా. కానీ జాగ్రత్తగా చదవండి. తగ్గింది పాలిప్‌లు, క్యాన్సర్ తగ్గిందని ఆ ట్రయల్ చెప్పలేదు, దానికి ఇంకా చాలా ఏళ్ళు చూడాలి. బెర్బెరిన్ వాడినా మూడింట ఒక వంతు మందికి మళ్ళీ వచ్చాయి. అందుకని కొలనోస్కోపీ చెప్పిన తేదీకి చేయించుకోవడం మానేసి ఈ మాత్ర మింగడం అంటే తలుపు తీసి పెట్టి కిటికీకి గడియ వేసినట్టే. ఇంకో సంగతి, ఇది కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని అడ్డుకుంటుంది, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ లాంటివి రక్తంలో పెరిగిపోతాయి. గర్భిణులు, చంటిపిల్లలు అసలు వాడకూడదు. మీరు వేరే మందులేమైనా వాడుతుంటే ఆ జాబితాతో వెళ్ళి మీ డాక్టర్‌తో మాట్లాడాకే.

ప్రశ్న: మూలికలే కదా డాక్టర్ గారూ, మేలు చేయకపోయినా కీడు చేయవు కదా?

జవాబు: చేస్తాయి. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికల మాత్రలు వాడిన వందమందికి పైగా ఆడవాళ్ళకి కిడ్నీలు పాడైపోయాయి. జరిగిందల్లా ఒక పేరు తడబాటు. ఫాంగ్‌జి అనే మూలిక బదులు గ్వాంగ్ ఫాంగ్‌జి అనే వేరే మొక్క వచ్చి కలిసింది, అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. విషయం అక్కడితో అయిపోలేదు. వాళ్ళలో కొందరికి పాడైన కిడ్నీలు తీసేసి పరీక్షిస్తే 39 మందిలో 18 మందికి మూత్రనాళాల క్యాన్సర్ కనపడింది. ఇప్పుడు దాన్ని మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలోనే పెట్టారు.

ఇంకోటి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి పి.సి.-స్పెస్ అనే మూలికల మందు ఒకటి బాగా పేరు తెచ్చుకుంది, నిజంగానే పనిచేసింది కూడా. 2002లో పరీక్షిస్తే రక్తం పల్చబరిచే వార్ఫరిన్, కృత్రిమ ఈస్ట్రోజెన్ కలిసి ఉన్నాయని తేలి వెనక్కి తెప్పించారు. పనిచేసినదాంట్లో ఎంత ఆ కలిపినవాటి వల్లో ఎవరు చెప్పగలరు?

మన విషయానికి దగ్గరగా చెప్పాలంటే, గార్డీనియా కాయ ఉన్న కషాయాలు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో పెద్దపేగు సిరలు గట్టిపడి పేగు లోపల ఊదారంగుకి తిరగడం జపాన్‌లో చాలామందిలో చూశారు. డాంగ్ గుయ్, డాన్‌షెన్ అనేవి వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెంచుతాయి, వార్ఫరిన్‌తో కాపెసిటబీన్ కలిసినా అదే జరుగుతుంది, మూలిక కూడా చేరి మూడూ కలిస్తే చెప్పక్కర్లేదు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపేయాలి. మత్తు ఇచ్చే డాక్టర్ మూలికల గురించి అడగకపోయినా మీరే చెప్పాలి.

ప్రశ్న: మీ ఇంగ్లీషు డాక్టర్లకి ఈ వైద్యాలంటే చిన్నచూపు. మూలికలు ఏడాదికి పైగా వాడిన పెద్దపేగు క్యాన్సర్ పేషెంట్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని చైనాలోనే పరిశోధనలు వచ్చాయి. అవి మీరు ఎందుకు చెప్పరు?

జవాబు: మీ కోపం అర్థమైంది, మాలో చిన్నచూపు ఉన్నవాళ్ళు ఉన్నారు, కాదనను. చైనా వైద్య గ్రంథాల్ని వెతికి, కీళ్ళనొప్పులకో చలిజ్వరానికో రాసిన నాలుగు మాటల్ని నమ్మి పనిచేసినవాళ్ళ వల్ల మనకి ఎన్ని వచ్చాయో నాకు తెలుసు. నాలుగో శతాబ్దపు పుస్తకంలో చలిజ్వరానికి చెప్పిన ఒక ఆకుని కాచమనలేదు, నీళ్ళలో నానబెట్టి పిండమన్నారు అని గమనించే చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1971లో వేడి తగలకుండా ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు తీయగలిగింది, 2015లో నోబెల్ వచ్చింది. హార్బిన్‌లో జాంగ్ టింగ్‌డాంగ్, ఆయన తోటివాళ్ళు నాటు మందులో ఉన్న పాషాణాన్ని వేరుచేసి ఒక రకం రక్త క్యాన్సర్ మీద వాడి చూశారు. ఒకప్పుడు వారాల్లో చంపేసే ఆ జబ్బు ఇప్పుడు ఆ మందుతో, ఇంకో మందుతో కలిపి ఇస్తే పదిమందిలో తొమ్మిది మందికి పైగా నయమవుతోంది. వాళ్ళు చేసిన పని చూడండి. కషాయంలో ఏది పనిచేస్తోందో పట్టుకున్నారు, ఎంత ఇవ్వాలో తేల్చారు, ఏ జబ్బుకో తేల్చారు.

ఇక మీరు చెప్పిన పరిశోధనలు. బీజింగ్‌లోని షియువాన్ ఆసుపత్రి వాళ్ళు రెండు, మూడు దశల పెద్దపేగు క్యాన్సర్ పేషెంట్లని ఏళ్ళ తరబడి గమనించి రాశారు, తైవాన్‌లో జాతీయ ఆరోగ్య బీమాలోనే చైనా వైద్యం ఉంది కాబట్టి ఆ రికార్డుల నుంచి కూడా చాలా లెక్కలు వచ్చాయి. అవి చదివాను. ఏడాదికి పైగా మూలికలు వాడినవాళ్ళకి జబ్బు తక్కువగా తిరగబెట్టింది అని ఉంటుంది. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆపరేషన్ అయిన ఆరు నెలలకే జబ్బు తిరగబెట్టి ఎనిమిదో నెలలో చనిపోయిన మనిషి "ఏడాదికి పైగా వాడినవాళ్ళ" జాబితాలోకి ఎప్పటికైనా రాగలడా? రాలేడు. అతను మూలికలు మొదటి రోజు నుంచీ వాడినా సరే, "వాడనివాళ్ళు, తక్కువ వాడినవాళ్ళు" వైపే లెక్కకి వస్తాడు. అంటే ఒకవైపు జాబితాలో చేరాలంటే ముందు ఏడాది బాగా బతికి ఉండాలి, ఇంకోవైపు ఆ షరతు లేదు. మూలికల బదులు రోజూ గ్లాసు మంచినీళ్ళు పెట్టి లెక్క తీసినా, ఏడాదికి పైగా తాగినవాళ్ళే బాగున్నట్టు వస్తుంది. కొందరు పరిశోధకులు దీన్ని సరిచేసే లెక్కలు కూడా వేస్తారు, అప్పుడు కూడా ఇంకో సమస్య మిగులుతుంది: రోజూ కషాయం కాచుకుని తాగగలిగే మనిషికి ఆకలి ఉంది, ఓపిక ఉంది, ఇంట్లో కాచి పెట్టే మనిషి ఉన్నారు. అలాంటివాళ్ళు మందు ఏదైనా సరే మిగతావాళ్ళకంటే బాగుంటారు.

అందుకే చీటీ వేసి విడదీసి ఇచ్చే పెద్ద ట్రయల్ కావాలంటాం. పైన చెప్పిన జపాన్ మందు మొదటి చిన్న ట్రయల్‌తోనే ఆగిపోయి ఉంటే, ఈరోజు కూడా వేలమంది వేళ్ళ తిమ్మిర్లకి అదే వాడి తిమ్మిర్లు పెంచుకుంటూ ఉండేవాళ్ళు. 2005లో కాక్రేన్ (ఒక విషయం మీద వచ్చిన ట్రయల్స్ అన్నీ కలిపి తూచి చూసే సంస్థ) సమీక్ష ఒకటి పెద్దపేగు క్యాన్సర్‌లో కీమో దుష్ప్రభావాలకి ఆస్ట్రాగలస్ కషాయాలు ఎంత పనిచేస్తాయని వెతికితే నాలుగే ట్రయల్స్ దొరికాయి, మొత్తం 342 మంది. వాంతులు, తెల్లకణాలు పడిపోవడం కొంచెం తగ్గవచ్చని కనిపించింది, కానీ నాలుగూ నాసిరకంగా చేసినవే. ఆ తర్వాత చైనాలో ట్రయల్స్ చాలా పెరిగాయి, ఎక్కువ భాగం చిన్నవే, ఉత్తుత్తి మందుతో పోల్చనివే. కషాయాన్ని పోలిన ఉత్తుత్తి కషాయం తయారుచేయడం నిజంగానే కష్టం, ఆ రుచి, ఆ వాసన ఎక్కణ్ణుంచి తేవాలి. పైగా ఆ వైద్యంలో నాలుక చూసి, నాడి చూసి ఒక్కొక్కరికి ఒక్కో మిశ్రమం రాస్తారు, అందరికీ ఒకటే మందు ఇచ్చి చూస్తే అది తమ వైద్యమే కాదంటారు వాళ్ళు. అది న్యాయమైన అభ్యంతరమే. అయినా ఎవరికి ఏ మిశ్రమం రాయాలో వైద్యుడికే వదిలేసి, ఇచ్చేది అసలుదా ఉత్తుత్తిదా అన్నది మాత్రం చీటీకి వదిలి పరీక్షించొచ్చు. అలాంటివి పెద్దవి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, వచ్చి మంచి ఫలితం ఇస్తే ఈ శీర్షికలోనే రాస్తాను.

ప్రశ్న: అమ్మకి 78. నాలుగో దశ, కాలేయం నిండా పాకింది. కీమో ఇక తట్టుకోలేదని డాక్టర్లే ఆపేశారు. అమ్మకి తెలిసినావిడ చైనా మూలికల కషాయం తాగి ఆకలి పెరిగిందని చెప్పిందట, అప్పటి నుంచి నాకూ తెప్పించమని అడుగుతోంది. అన్నయ్య వద్దంటున్నాడు. ఇంట్లో రోజూ గొడవ.

జవాబు: తల్లీ, మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు ఇక్కడ సరిపోదు. అక్కడ నయమయ్యే అవకాశాన్ని వదులుకోవడం ఉంది. మీ అమ్మగారి దగ్గర కషాయం లాక్కునేది ఏమీ లేదు, ఆమె అడుగుతున్నది కూడా నాలుగు ముద్దలు ఎక్కువ తినాలన్న కోరిక.

అన్నయ్యతో ఇలా మాట్లాడండి. కషాయంలో ఏమున్నాయో జాబితా తెప్పిద్దాం, అమ్మ డాక్టర్‌కి చూపిద్దాం, కాలేయాన్ని దెబ్బతీసే హెషౌవూ లాంటివి, పొటాషియం తగ్గించే అతిమధురం ఎక్కువగా ఉన్నవి ఉంటే వద్దందాం. రక్తం పల్చబడే మందు, నొప్పి మందులు ఏమి వాడుతున్నారో కూడా డాక్టర్‌కి గుర్తుచేయండి. ఆయన ఫర్వాలేదంటే కొద్దిగా మొదలుపెట్టండి. వారం చూడండి. ఆకలి పెరిగితే సరే. వాంతులు, కళ్ళు పచ్చబడటం, మగతగా ఉండటం కనిపిస్తే ఆపేయండి. నయం చేస్తామని చెప్పి డబ్బు గుంజేవాళ్ళ దగ్గర మాత్రం కొనొద్దు.

ఆకలికి డాక్టర్లు ఇవ్వగలిగిన మందులు కూడా ఉన్నాయి, నొప్పికి, మలబద్ధకానికి, వికారానికి కూడా, వీటి కోసమే పనిచేసే పాలియేటివ్ కేర్ డాక్టర్లు ఉంటారు, ఇప్పటిదాకా ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి. నొప్పి తగ్గితే చాలామందికి ఆకలి దానంతటదే కొంత తిరిగి వస్తుంది. ఒకవేళ డాక్టర్ కషాయం వద్దన్నారనుకోండి, ఆ మాట అన్నయ్య చేత చెప్పించకండి, మీరే అమ్మ పక్కన కూర్చుని ఎందుకు వద్దన్నారో చెప్పి, బదులు ఏం తినాలనిపిస్తోందో అడగండి.